జేబులో సిగరెట్ పెట్టె

"పొగగొట్టం డాక్టరుగారూ, పొగగొట్టం! ఈయన ఉన్న ఇంటికి వెల్ల వేయించడమే దండగ. తలగడ మీద బూడిద, పూలకుండీల్లో పీకలు. ఇన్నేళ్లూ నేను కాపరం చేసింది మనిషితోనా రైలింజనుతోనా అని నాకే అనుమానం."

పక్క కుర్చీలో రైలింజను తలొంచుకుని కూర్చుంది. చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె, సాక్ష్యానికి పిలిస్తే వచ్చినట్టు, బయటికి తొంగిచూస్తోంది.

డాక్టరు నవ్వలేదు. ఆయనా పెద్దాయనే. కుర్ర డాక్టర్లు ఒకరి వెనక ఒకరు విదేశాలకు వెళ్లిపోతే, రిటైరై ఇంట్లో కూర్చున్న ఆయన్ని ఆస్పత్రివాళ్లు బతిమాలి తెచ్చుకున్నారు. బయట హాల్లో మనుషులకంటే చేతికర్రలే ఎక్కువ.

"గీకి తీసేసిందే మళ్లీ మొలిచింది," అన్నాడాయన రిపోర్టు చేతికందినంత దూరం పెట్టి చదువుతూ. "ఈ కేన్సరు తంతే అంత. మూత్రసంచి లోపలి పొరలో ఒకచోట తీస్తే ఇంకోచోట లేస్తుంది. పొగలో విషం ఊపిరితిత్తులతో ఆగదమ్మా. రక్తంలో కలుస్తుంది, కిడ్నీలు వడగడతాయి, ఆ వడగట్టినదాన్ని మూత్రసంచి గంటలకొద్దీ ఒళ్లో పెట్టుకు కూర్చుంటుంది. లోపలి కణాలు అందులో నాని నాని, ఎప్పుడో ముప్ఫై ఏళ్లకి బుద్ధి మార్చుకుంటాయి."

"ఈయన బుద్ధి మాత్రం మారదు," అంది ఆవిడ.

"రోజుకెన్ని కాల్చేవారు?"

"ఒక పెట్టె," అన్నాడు ఆవిడ భర్త.

"రెండు," అంది ఆవిడ అదే క్షణంలో.

డాక్టరు కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ చూశాడు. "ఏం పని చేసేవారు?"

"పనికేముంది లెండి, నా సిగరెట్లే నా కొంప ముంచాయి." ఆయనకు ఎక్కడలేని తొందర వచ్చింది.

"అది కాదు. కొన్ని రంగుల, రసాయనాల పనుల్లోనూ ఇదే విషం ఉంటుంది. పని వల్లయితే మీతో చేసినవాళ్లందరికీ కబురు పెట్టాలి. మొదట్లో పట్టుకుంటే ప్రాణం మీదికి రాదు. సిగరెట్లే అంటే మాత్రం మీ ఒక్కరితో సరి."

ఆవిడ చేతిసంచి జిప్పు లాగింది, మళ్లీ తీసింది.

"సిగరెట్లేనండీ," అంది.

వాళ్ల వీధిలో ఇప్పుడు తాళం లేని తలుపు కనబడితే సంబరం. రంగుల షెడ్డు మూతపడ్డాక వయసులో ఉన్నవాళ్లంతా తలో దేశమూ పట్టుకుపోయారు. నిజానికి ఆయనకి ఆ అవకాశం అందరికంటే ముందు, పెళ్లయిన కొత్తలోనే వచ్చింది. ఆవిడే కాలు కదపనివ్వలేదు. అలిగి, అన్నం మానేసి, షెడ్డు యజమాని కాళ్లావేళ్లా పడి, అద్దకం తొట్ల దగ్గర పని ఇప్పించింది. ఆ వెనకే తన తమ్ముణ్ణీ చేర్పించింది. సాయంత్రం ఇద్దరూ ఇంటికొస్తే, గోళ్లు చూసి ఆ రోజు ఏ రంగు అద్దారో చెప్పి నవ్వించేది. షెడ్డుకి తాళం పడ్డాక తమ్ముడు విమానం ఎక్కాడు.

ఆస్పత్రి నుంచి రాగానే ఆయన బాల్కనీలోకెళ్లి సిగరెట్ నోట్లో పెట్టుకున్నాడు. రెండు అగ్గిపుల్లలు విరిగాయి. మూడోది వెలిగింది. ఒక్క దమ్ముకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"కానివ్వండి, కానివ్వండి! డాక్టరుగారి మాటలు అక్కడే వదిలేసి వచ్చారా?" వంటింట్లోంచి కేకేసింది ఆవిడ.

ఆవిడ తిడితే చాలు, ఆయన మొహం తేటపడుతుంది. అది చూసి ఆవిడ ఇంకో రెండు తిట్లు కలుపుతుంది.

ఫోన్ మోగింది. తెరమీద తమ్ముడు.

"బావ ఎలా ఉన్నాడక్కా?"

"ఎలా ఉంటారు? పీల్చిన పొగంతా వడ్డీతో తిరిగొస్తోంది."

"నాకు తెలీక అడుగుతా, షెడ్డులో అన్నేళ్లు పక్కపక్కనే ఉన్నాం. బావ నా ముందు ఒక్కటీ ముట్టించలేదే!"

"నీకు చెప్పి కాలుస్తారట్రా? చాటుగా."

"దొంగ బావ!" తమ్ముడు పడీపడీ నవ్వాడు. "అన్నట్టు, నాకూ ఈమధ్య ఒంటేలు ఎర్రగా వస్తోందే. నొప్పేం లేదు. రెండ్రోజులు కనబడి మాయమవుతుంది. వేడి చేసుంటుందిలే."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. బాల్కనీ గుమ్మంలో ఆయన నిలబడిపోయాడు. ఆవిడ వంక చూశాడు. వేళ్ల మధ్య సిగరెట్ తనంతట తానే కాలిపోతోంది.

"డాక్టరుకి చూపించుకోరా. ఇవాళే వెళ్లు."

"ఇక్కడ డాక్టరంటే ఒక పూట పని పోతుందే తల్లీ. అయినా కంగారెందుకు? బావది సిగరెట్ల జబ్బని నువ్వే చెప్పావుగా. నేను జన్మలో కాల్చినవాణ్ణి కాదు, నాకెందుకొస్తుంది?"

ఆవిడ పొయ్యి కట్టేసింది. భర్త వేళ్ల మధ్యనుంచి సిగరెట్ లాగి సింకులో పడేసింది. ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది, చూపు మాత్రం ఆయన మొహం మీదే ఉంది.

"తప్పు నాదేరా, మీ బావకి సిగరెట్ కాల్చడమే రాదు."