క్రేన్‌కి ఆఖరి రోజు

పొద్దున్నే మీటింగులో మేనేజరు అందరికీ తలంటాడు.

"పైపులకి గోడలో ఖాళీ వదలమని ప్లంబరు చెప్పలేదు. మేస్త్రీ అడగలేదు. కట్టిన గోడ మళ్ళీ పగలగొట్టాం. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడానికి మీకేం రోగం?"

మేనేజరు ఓ మూల నిలబడ్డ ఆడమనిషివైపు చెయ్యి చూపించాడు.

"ఆ సిగ్నలమ్మని చూసి నేర్చుకోండి. కింద ఆమె చెబుతుంది, పైన క్రేన్ ఆపరేటర్ వింటాడు. ఇన్నాళ్ళలో ఒక్క పొరపాటు లేదు."

సిగ్నలమ్మ తలొంచుకుంది. ఆ రోజుతో పై అంతస్తు పని అయిపోతుంది. మర్నాడు క్రేన్ విప్పేస్తారు. ఆపరేటర్ ఇంకో సైటుకి వెళ్ళిపోతాడు.

మీటింగయ్యాక మేనేజరు అడిగాడు. "అతనితో నీకు బాగా పరిచయమా?"

"మాటలన్నీ సైట్లోనే సార్," అంది.

ఆ రోజంతా వాకీటాకీలో అతని గొంతు నింపాదిగా పలికింది.

"ఎడమకి."

"వస్తున్నా."

"ఆగు. ఇంకో జానెడు కిందికి."

"దించా. హుక్కు కింద నిలబడకు."

"నిలబడలేదు."

"గాలి లేచింది. హెల్మెట్ బిగించుకో."

అంతే. పని మాట తప్ప మరో మాట రాదు. అయినా ఆ గొంతు వింటే ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

సాయంత్రానికి ఆఖరి ఇనుపకట్ట పైకి చేరింది. కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. ఆమె వాకీటాకీ నోటిదాకా తెచ్చుకుంది. ఏం చెప్పాలో తోచలేదు. పక్కనే కాంక్రీటు తొట్టి కనిపించింది.

"ఈ తొట్టి ఒకసారి పైకెత్తు."



"అందులో ఏం లేదుగా," అన్నాడతను.

"లేదు. అయినా ఎత్తు."

ఖాళీ తొట్టి మెల్లగా లేచింది. గాల్లో కాస్త ఊగి, అంతే మెల్లగా దిగింది.

"చాలా?" అన్నాడు.

ఆమె వాకీటాకీ బటన్ నొక్కి, వదిలేసింది.

మేనేజరు వచ్చి వాకీటాకీ తీసేసుకున్నాడు. "రేపట్నుంచి నీకు ఇటుకల పని."

ఆమె తలూపింది. అతను క్రేన్ దిగేదాకా ఆగలేదు. ఎప్పుడూ ఆగదు. ఒక్కతే నడిచి అద్దెగదికి చేరి, వంట చేసి, కంచం మీద మూతపెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

కాసేపటికి క్రేన్ ఆపరేటర్ అదే గది తలుపు తీసుకుని లోపలికొచ్చి, బిడ్డను మట్టిచేసిన నాటినుంచీ రోజూ చేస్తున్నట్టే, భార్యని ఒక్క మాటైనా పలకరించకుండా అన్నం తిని లైటార్పేశాడు.