పొట్టి ప్లగ్గు

1979 నాటికి తిరుపతి నమూనా విమాన సంఘానికి అధ్యక్షులొకరు, సభ్యులు నలుగురు, ఇంజను ఒకటి.

నిమ్మకాయంత ఆ ఇంజను, మూరెడు రెక్కల విమానానికి ముక్కై, ఆ ఆదివారం సంఘం చేతిలో తొలిసారి మోగవలసి ఉన్నది.

అధ్యక్షులు సారంగపాణిగారు సంస్కృతోపాధ్యాయులు. ఇంజనులో నిప్పు రగిలించే ప్లగ్గులను బల్లపై పేర్చి, ఒక్కొక్కదానికి బ్యాటరీ తగిలించి, లోపలి తీగ వెలిగిన తీరును బట్టి ఉత్తమ, మధ్యమ, అధమ వర్గాలుగా విభజించారు. ఉదయం పది గంటలకు ఆ విధంగా ఒక శాస్త్రం పుట్టింది.

"సామీ, నేనొకసారి తడిమి సూడొచ్చునా?"

చేతికర్రతో ఒక వృద్ధుడు. రెండు కళ్ళూ తెల్లబడి ఉన్నాయి.

"యాడినుంచి వచ్చినావు పెద్దాయనా?" అన్నాడు సభ్యుడు దేవరాజులు.

"ఐరాల. ఈపొద్దు ఇంజను మోగిస్తారని తెలిసింది. ఒక్కసారి విని పోతాను."

వృద్ధుడు ప్లగ్గుల మరచుట్ల పొడవును బొటనవేలి గోటితో కొలిచాడు.

"ఇది పొడుగుది, పెద్ద ఇంజనుకు. మూతికి అడ్డంగా కమ్మీ ఉండేది ఇది, మెల్లగా నడిపేదానికి. మీకు ఈ పొట్టిదే సరి."

పొట్టిది అధమ వర్గం. పొడుగుదే ఉత్తమం.

"దీనికి నిడివీ ఉంది, తేజస్సూ ఉంది," అన్నారు సారంగపాణిగారు.

"వెలుగు సూసి ఎంచగూడదు సామీ. పొడుగుది లోపలికి పొడుచుకొచ్చి పిస్టనుకు తగులుతాది. ఇంజను పోతాది."

"కండ్లు లేనోడివి, వెలుగు సంగతి నీకేం తెలుసబ్బా?" అన్నాడు దేవరాజులు.

సభ నవ్వింది. వృద్ధుణ్ణి చెప్పులు విడిచినచోట కూర్చోబెట్టారు.

ఉత్తమ ప్లగ్గును బిగించారు. ప్రొపెల్లరు సగం తిరిగి ఆగింది.

"బిగువుగా ఉండాది సామీ," అన్నాడు తిప్పుతున్న దేవరాజులు.

"బిగువు బలానికి లక్షణం. గట్టిగా తిప్పవయ్యా!"

"వద్దు సామీ! దండం పెడతా, వద్దు!" వృద్ధుడు లేచి నిలబడ్డాడు.

దేవరాజులు తిప్పాడు.

టక్కుమన్నది. ప్లగ్గు కొన విరిగి లోపల పడింది. పిస్టను చీలింది. శాస్త్రం అరగంట జీవించింది.

"ఇంక మోగదా?" అన్నాడు వృద్ధుడు.



"మోగదు," అన్నారు సారంగపాణిగారు.

వృద్ధుడు కర్రతో దారి వెదుక్కుంటూ గేటు వైపు నడిచాడు. క్షమాపణకు తగిన సమాసమేదీ దొరకక, సారంగపాణిగారు ఊరికే వెంట వెళ్ళారు.

గేటు బయట ఒక ముసలావిడ వృద్ధుడి చెయ్యి పట్టుకున్నది.

"లోపలికి వచ్చేదానికి నాకు మనసు రాలా. మోగినాదా?"

"మోగినాది వరదా."

"మన గంగాధరం తిప్పితే మోగినట్టేనా?"

"అచ్చం అట్లనే."

"పోనీలే," అన్నదామె కళ్ళొత్తుకుంటూ, "బిడ్డ పోయినంక ఇంట్లో మూగగా పడుండే ఇంజను, మన ఊరి పోస్టుమాస్టరు చేత వీళ్ళకిచ్చంపినందుకు, వాని చేతి పని ఇంకా బతికే ఉండాది."