మడిచిన మూల

మా పుస్తకాల షాపులో నెలకోసారి పదిమందిమి కూర్చుని, చదివిన నవల గురించి మాట్లాడుకుంటాం. చివర్లో ఆఖరి పేజీని వంతులవారీగా ఒకరు పైకి చదవాలి. తన వంతు వచ్చినప్పుడల్లా వడ్రంగి బాబాయి కళ్ళజోడు మర్చిపోతాడు. చర్చలో మాత్రం ఏ నవలనైనా ఉతికి ఆరేస్తాడు. పైగా నేను అరువిచ్చిన పుస్తకాల్లో పేజీల మూలలు మడిచి తెస్తాడు. అదంటే నాకు ఒళ్ళుమంట.

ఈరోజు నోరు మెదపకుండా కూర్చున్నాడు. మళ్ళీ ఆయన వంతే.

"ఈసారి తప్పించుకోలేవు బాబాయ్! నీకోసమే కొన్నాను," అంటూ కళ్ళజోడు చేతిలో పెట్టాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతో పనవ్వదమ్మా. నాకు చదవడం రాదు. మీ పిన్ని రోజూ చదివి వినిపించేది. ఆపిన చోట మూల మడిచేది."

"ఆవిణ్ణి కూడా తీసుకురావాల్సింది," అన్నాను.

"తను పోయి పదకొండు రోజులైంది."

బాబాయి ఒళ్ళోని పుస్తకం అందుకుని ఆఖరి పేజీ తెరిచాను. ఆయన దానిమీద అరచెయ్యి పెట్టాడు.

"అక్కణ్ణుంచి కాదు తల్లీ. తను మడిచిన చోటినుంచి చదువు."