నాలుగో దుప్పటి

“ఎంతమంది? మళ్లీ చెప్పు” అంటూ శిబిరం గుమస్తా నాలుగో దుప్పటిని చేత్తో నొక్కిపట్టాడు. భూకంపం వచ్చి రెండు రోజులైంది. చలి ఎముకలు కొరికేస్తోంది.

“నలుగురం అన్నా.”

“కాకిలెక్కలు నా దగ్గర చెప్పకు. పొద్దున మీ గుడారంలోకి తొంగిచూశాను. నువ్వు, మీ ఆయన, పాప. అంతే. నిన్న కొందరు ఇవే దుప్పట్లు సంతలో అమ్ముకున్నారు, తెలుసా?”

“మా అత్త కూడా ఉంది. ఆవిడకి చలంటే అస్సలు పడదు.”

“ఏదీ, పిలువు.”

ఆమె చూపు కూలిన ఇళ్ల వైపు తిప్పుకుంది. దొరికిపోయిందనుకుని అతను జాబితాలో ఆ ఇంటి సభ్యుల సంఖ్య కొట్టెయ్యబోయాడు. ఆమె చప్పున పెన్ను పట్టుకుంది.

“దుప్పటి మీరే ఉంచుకోండి. ఆ నాలుగు మాత్రం దిద్దకండి. మీ జాబితా చూసే, ఒకరు తక్కువున్నారని మా ఇంటి శిథిలాలు ఇంకా తవ్వుతున్నారు. ముగ్గురని రాస్తే యంత్రం పక్కవీధికి పోతుంది.”

గుమస్తా పెన్నుకు మూత పెట్టాడు. ఆమె చేతుల్లో ఉన్న మూడు దుప్పట్ల మీద నాలుగోదీ పెట్టాడు.

“ఇది తవ్వేచోటే ఉంచమ్మా. ఆవిడకి చలంటే పడదన్నావుగా.”