దిగే మెట్లు

“గడియారం చూసి టైము చెప్పడానికే తడుముకుంటావు, నీకు పై స్థాయి గట్టి లెక్కల క్లాసా?” కాలేజీ కౌంటర్ దగ్గర వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అన్నాడు తండ్రి. “ఆ క్లాసులో కూర్చుంటే నెలకే జుట్టు నెరుస్తుందట. ఒకడైతే నిద్రలో సూత్రాలు అప్పజెబుతూ గోడెక్కి కూర్చున్నాడట. సార్, మా పిల్లకి మామూలు లెక్కలు, మామూలు ఫిజిక్సు చాలు.”

కూతురు తల వంచుకుంది. ఇంట్లో రోజూ వినే పాటే.

కౌంటర్‌లోని లెక్చరర్ పెన్ను ఆపాడు. “ఒక్క మాట. గట్టి క్లాసులో చేరి, కష్టమైతే నెలలోపు మామూలు దానికి దిగొచ్చు. మామూలు దాంట్లో చేరితే మాత్రం పైకి ఎక్కనివ్వం.”

“విన్నావా? దిగే మెట్లు నీలాంటి వాళ్లకోసమే కట్టారు,” తండ్రి నవ్వాడు.

“అయితే పైన మొదలుపెడితే నష్టమేముంది నాన్నా?”

“నష్టం లేకేం? నెల తిరక్కుండా నువ్వు దిగొస్తే, మీ పెదనాన్న ముందు నా తలెక్కడ పెట్టుకోను?”

ఆమె తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇన్నాళ్లూ ఆయన తూకం వేస్తున్నది తన బుర్రననుకుంది. తక్కెడలో ఉన్నది ఆయన పరువు.

“గట్టిదే రాయండి సార్,” అంది. “దిగాల్సొస్తే నేనే దిగుతాను. ఈ నెలంతా మా నాన్నని మాత్రం పెదనాన్న ఇంటివైపు వెళ్లొద్దనండి.”