పగలు డ్యూటీ

ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువుకి ధర్మారావూ నేనూ కాపలాదారులం. అతనికి కిడ్నీ జబ్బని ఓనరుగారు పగలు డ్యూటీ ఇచ్చేసి, రాత్రులన్నీ నా నెత్తిన వేశారు.

సాయంత్రం టార్చి నా చేతికిస్తూ, "ఏమీ అనుకోకండి బావగారూ" అన్నాడు. వాచిన పాదాలకు చెప్పులు పట్టక, వట్టి కాళ్లతో ఇంటికి వెళ్లాడు. ఈపాటికి పెళ్లాం పక్కన హాయిగా నిద్రపోతుంటాడు.

నాకు కడుపు మండిపోయింది. "ఆ జబ్బేదో నాకొచ్చినా బాగుండేది" అని చెరువుకేసి చూస్తూ పైకే అన్నాను.

నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గట్టు మీద బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

చెరువు నడిమి నుంచి ఎవరో ఎంతో మర్యాదగా బదులిచ్చారు.

"ఆయ్, అలాగేనండీ."

పరుగెత్తుదామని లేచాను. నా చెప్పులు నా కాళ్లకు పట్టలేదు.