ఊపిరి యంత్రానికి కాపలా

ఆ రోజుల్లో కంప్యూటర్లలో పుట్టిన దొంగ ఫైలు చేరని ఇల్లు లేదు. ఒకరింట్లో పొయ్యిలో, ఇంకొకరింట్లో తలుపు తాళంలో నక్కి ఉండేది. మనిషి చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండి, చూపు తిప్పగానే ఆ వస్తువును ఆపేసే తన పని మొదలుపెట్టేది.

నూకరత్నం ఇంట్లో అది భర్త సూర్రావు ఊపిరి యంత్రంలో చేరింది. యంత్రం మార్చినా మర్నాటికల్లా కొత్తదాంట్లోకి పాకింది. అందుకే ఆమె నెలల తరబడి దాని ముందు పీట వేసుకుని, కన్నేసి కూర్చుంది. కునుకు ముంచుకొస్తే ఆడపడుచు కూర్చునేది.

చివరికి ఫైళ్లు పట్టే గౌరీశు వచ్చాడు.

"అది పని మొదలెడితేనే నాకు దొరుకుద్ది పిన్నిగారూ. మీరు బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసెయ్యండి."

"ఈలోపు ఆయనకేవన్నా అయితే?"

గౌరీశు ట్యాబ్ తెరిచాడు. సూర్రావే కళ్లు మూసుకుని, వెళ్లమని చెయ్యి ఊపాడు.

వసారాలో ఆమె తలుపుకు వీపు ఆనించి నిలబడింది. లోపల యంత్రం చప్పుడు మందగించింది. తర్వాత ఆగిపోయింది.

"వెనక్కి తిరగకండి," అన్నాడు పక్కనే ఉన్న గౌరీశు, చేతిలోని ట్యాబ్ మీంచి కళ్లు ఎత్తకుండా. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"దొరికింది పిన్నిగారూ."

చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె లోపలికి పరుగెత్తి, అలవాటుగా యంత్రం ముందున్న పీట మీద కూలబడింది.

"ఇంక దాన్ని చూడక్కర్లేదే," అన్నాడు సూర్రావు నీరసంగా.

ఆమె పీట మంచం వైపు తిప్పుకుంది. ఆయన మొహం అంతగా ఎప్పుడు చిక్కిపోయిందో ఆమెకు తెలియదు.